ఆగుదామా, అడుగుదామా

మాటలు రాని పిల్లాడి గురించి ఇంట్లో జరిగే వాదన మామూలుగా ఒకే తీరున నడుస్తుంది. కన్నవాళ్లు డాక్టరు దగ్గరికి పోదామంటారు, పెద్దవాళ్లు ఆగమంటారు. ఈ ఇంట్లో అది తిరగబడింది. ఆగుదామంటున్నవాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తండ్రి. పదమంటున్నది పల్నాడు పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన అతని మేనత్త. పిల్లాడికి రెండేళ్ల మూడు నెలలు. పంతొమ్మిదో నెలలో నడిచాడు. మాటలు రెండంటే రెండు. పాత్రలు నేను కల్పించినవే, వాదనలు మాత్రం చాలా ఇళ్లలో వినపడేవి.

మేనల్లుడు: నేను మూడేళ్లు దాటాక గాని మాట్లాడలేదని నువ్వే అంటావు గదా అత్తా. ఇప్పుడు ఆఫీసు మీటింగుల్లో నా నోరు మూయించలేక చస్తున్నారు. మన ఇంట్లో మగపిల్లలకు మాట ఆలస్యం, అంతే. ఆ మాత్రానికి పసివాణ్ణి ఆసుపత్రుల చుట్టూ తిప్పాలా?

అత్త: నీకు మాట రాలేదు, నిజమే. కానీ గోరుముద్దలు పెడుతూ నేను చందమామను చూపిస్తే నువ్వు నా వేలును కాదు, చందమామనే చూసేవాడివి. మర్నాడు నేను మర్చిపోతే నువ్వే నా గడ్డం పట్టుకుని పైకి తిప్పి చూపించేవాడివి. చూపించి, నేను చూశానా లేదా అని మళ్లీ నా మొహంలోకి చూసేవాడివి. మాట ఒక్కటే తక్కువ, కబుర్లకేం తక్కువ లేదు. వీణ్ణి చూడు. నీళ్లు కావాలంటే నీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఫిల్టరు మీద పెడతాడు. నీ మొహం చూడడు. పేరు పెట్టి నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి తిరుగుతాడు.

మేనల్లుడు: తన లోకంలో తనుంటాడు. కొందరు పిల్లలంతే.

అత్త: కావచ్చు. నేను జబ్బు పేరు చెప్పట్లేదురా, చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. చూపించమంటున్నా, అంతే. ఏడాది నిండేసరికి చెయ్యి ఊపి టాటా చెప్పడం, వేలితో చూపించడం లాంటి సైగలు రాకపోతే చూపించాలి. పదహారు నెలలకు ఒక్క మాటన్నా లేకపోతే చూపించాలి. రెండేళ్లకు 'పాలు ఇవ్వు' అని రెండు మాటలు కలపకపోతే చూపించాలి. వచ్చిన మాట గాని, నవ్వు గాని ఏ వయసులోనైనా వెనక్కి పోతే ఆ వారమే చూపించాలి. వీడికి వీటిలో మూడున్నాయి.

మేనల్లుడు: ఏ నెలకు ఏం రావాలో చెప్పే ఆ పట్టీల సంగతి నాకూ తెలుసు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్లు 2022లో మొత్తం పట్టీనే మార్చేశారు. అంతకుముందు సగం మంది పిల్లలు చేసే వయసు రాసేవాళ్లు, ఇప్పుడు నూటికి డెబ్బై అయిదు మంది చేసే వయసు రాస్తున్నారు. పాకడాన్ని పట్టీలోంచే తీసేశారు. నిన్నటిదాకా లోపమైనది ఇవాళ కాకుండా పోయిందంటే ఇదేం శాస్త్రం?

అత్త: నువ్వు చెప్పిందాన్ని బట్టే చూద్దాం. ఇదివరకు ఒక పని రాకపోతే సగం మంది పిల్లలు అట్టాగే ఉండేవాళ్లు, ఆగుదామంటే అర్థముంది. ఇప్పుడు అది నలుగురిలో ముగ్గురికి వచ్చేసిన పని. ఇంకా రానివాణ్ణి ఇక ఆగకుండా చూడమనే గదా ఆ మార్పు చెప్పేది? నీ వాదనకు నువ్వు తెచ్చుకున్న సాక్షి నా వైపు మాట్లాడుతున్నాడు.

(అత్త తర్కం సరైనదే. చూస్తూ కూర్చునే అలవాటును తగ్గించడం ఆ మార్పు ఉద్దేశాల్లో ఒకటి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మాత్రం రెండేళ్లదాకా ఎన్ని వారాలు ముందు పుట్టాడో అన్ని వారాలు తీసేసి వయసు లెక్కవేయాలి. వీడు నెలలు నిండి పుట్టినవాడే కనక ఆ మినహాయింపు లేదు.)

మేనల్లుడు: లెక్కలంటే నాకు ఇంకో అనుమానం. మన దేశంలో అయిదు చోట్ల చేసిన పెద్ద సర్వే 2018లో అచ్చయింది, ఆ అయిదింటిలో హైదరాబాదు ఒకటి. రెండు నుంచి ఆరేళ్లలోపు పిల్లల్లో ఇలాంటి ఎదుగుదల సమస్యలు ఒక చోట నూటికి మూడు కూడా లేవు, ఇంకో చోట పద్దెనిమిది దాటాయి. అంత తేడా ఉంటే దేన్ని నమ్మమంటావు?

అత్త: తక్కువ లెక్కే నమ్ము. నూటికి ముగ్గురు. నా కేంద్రంలో ముప్ఫై మంది పిల్లలుండేవాళ్లు. అంటే ఎప్పుడు చూసినా ఒకడు ఉన్నట్టే. ఆ ఒకడు మాకు దొరికేవాడు. ఎట్టాగంటావా? పిల్లల ఆరోగ్య పథకం ఒకటి, ఆర్‌బీఎస్‌కే అని 2013లో మొదలైంది. డాక్టర్ల బృందం బండేసుకుని ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి ప్రతి పిల్లాణ్ణీ చూస్తుంది. అనుమానమొస్తే జిల్లా ఆసుపత్రిలో ఉండే డీఈఐసీ అనే ముందస్తు చికిత్స కేంద్రానికి రాసిస్తుంది. అక్కడ రూపాయి తీసుకోరు. నీ కొడుకు సంగతి చెప్పు. పద్నాలుగో అంతస్తులో ఉంటాడు. ఏ అంగన్‌వాడీలోనూ పేరు లేదు. టీకాలకూ జ్వరానికీ తప్ప డాక్టరు మొహం చూడలేదు. టీకా వేసే ఆ రెండు నిమిషాల్లో వాడు ఏడుస్తూ ఉంటాడు, ఆటాడితే ఎట్టా ఉంటాడో డాక్టరుకెట్టా తెలుస్తుంది? మా ఊళ్లో కూలికెళ్లే తల్లి బిడ్డను ఎవరో ఒకరు చూశారురా. నీ బిడ్డను ఎవరూ చూడలేదు.

మేనల్లుడు: పోనీ చూపిద్దాం. వాళ్లేమంటారు? వెంటనే ఆటిజం అంటారు.

అత్త: తెలిసిన డాక్టరైతే ముందు చెవుల సంగతి అడుగుతాడు. పరీక్ష చేయించావా?

మేనల్లుడు: చెవులకేం? వంటింట్లో గిన్నె పడితే ఉలిక్కిపడతాడు. పుట్టినప్పుడే ఆసుపత్రిలో చెవి పరీక్ష చేసి పాస్ అని రాశారు.

అత్త: గిన్నె చప్పుడు వినపడితే మాట వినపడినట్టు కాదు. కొందరికి పెద్ద చప్పుళ్లు, లావు గొంతులు వినపడతాయి. 'స', 'ష', 'త' లాంటి సన్నవి వినపడవు. ఆ బిడ్డకు మన మాట సగం ముక్కలు పోయి చేరుతుంది. విననిది ఎట్టా పలుకుతాడు? పుట్టినప్పుడు పాసైన చెవిలో ఆ తర్వాత జలుబులకు లోపల నీరు చేరి ఉండొచ్చు. వీడికి కామెర్లు ఎక్కువై లైటు కింద పెట్టారు గదా?

మేనల్లుడు: మూడు రోజులు పెట్టారు. ఐతే?

అత్త: తీవ్రమైన కామెర్లు చెవి నరం మీద పనిచేస్తాయి. పుట్టగానే చేసేది ఎక్కువగా ఓఏఈ అంటారు, లోపలి చెవి స్పందిస్తుందా లేదా అన్నంతవరకే అది చెబుతుంది. ఆ శబ్దం నరం వెంట మెదడుదాకా పోతుందా అన్నది బెరా పరీక్షలో తేలుతుంది. పిల్లాణ్ణి నిద్రపుచ్చి చేస్తారు, సూది గుచ్చేది లేదు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ చేస్తారు. దాని తోడే థైరాయిడ్‌కు, రక్తహీనతకు రక్తపరీక్ష. పుట్టుకతో థైరాయిడ్ తక్కువున్న బిడ్డకు మొదటి వారాల్లో మాత్ర మొదలుపెడితే మెదడు ఎదుగుదల నిలబడుతుంది, ఆలస్యమయ్యేకొద్దీ పోయింది తిరిగి రాదు. అన్ని ఆసుపత్రుల్లోనూ అది పుట్టగానే చూడరు. ఇవేవీ చూడకుండా 'నేనూ ఆలస్యంగానే మాట్లాడాను' అంటే అది ధైర్యమా, బద్ధకమా?

మేనల్లుడు: బద్ధకం కాదత్తా, భయం. పేరంటూ పెడితే ఇక అది వాణ్ణి వదలదు. ప్లేస్కూల్లో ఫారం నింపేటప్పుడు 'ఏమైనా సమస్యలున్నాయా' అని ఒక గడి ఉంటుంది. అందులో డెవలప్‌మెంటల్ డిలే అని రాస్తే సీట్లు అయిపోయాయంటారు. అపార్ట్‌మెంట్లో పిల్లలు పార్కులోంచి లేచి వెళ్లిపోతారు. ఇక అమ్మ సంగతి నీకు తెలిసిందే. 'ఉద్యోగం, ఉద్యోగమని ఊరేగితే ఇట్టాగే అవుతుంది' అని నా భార్యను ఇప్పటికే రెండుసార్లు అంది. రిపోర్టు చేతికొస్తే ఆ మాటకు స్టాంపు పడుతుంది.

అత్త: మీ అమ్మతో నేను మాట్లాడతా. తల్లి ఉద్యోగం చేస్తే ఆటిజం రాదు, బుద్ధిమాంద్యం రాదు. ఫోన్ చూపిస్తూ అన్నం పెడితే కూడా ఆటిజం రాదు, కాకపోతే ఆ అరగంటలో బిడ్డ వినాల్సిన మాటలు పోతాయి, అది నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది గదా, రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దు, రెండేళ్లు నిండినవాడికి రోజుకు గంట మించొద్దని. అది తగ్గించుకోండి, కానీ దాన్ని తెచ్చి కోడలి నెత్తిన పెట్టొద్దు. ఫోను నీ చేతిలో కూడా ఉంటుంది.

మేనల్లుడు: పేరు సంగతి దాటేశావు.

అత్త: దాటెయ్యలేదు. అయిదేళ్లలోపు పిల్లాడికి రెండు మూడు విషయాల్లో వెనకబాటు ఉంటే గ్లోబల్ డెవలప్‌మెంటల్ డిలే అని రాస్తారు. అది తాత్కాలికంగా రాసుకునే పేరు. పెద్దయ్యాక మళ్లీ చూసి మారుస్తారు, కొందరికి తీసేస్తారు. ప్రభుత్వం ఇచ్చే వికలాంగత సర్టిఫికెట్టు కూడా ఈ వయసులో ఇస్తే తాత్కాలికంగానే ఇస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ఇదివరకటి ఏడు రకాలు ఇరవై ఒకటయ్యాయి, ఆటిజం, మాట-భాష లోపం అన్నీ అందులోకి వచ్చాయి. గుర్తింపున్న బడి ఏదైనా వివక్ష లేకుండా చేర్చుకోవాలని అదే చట్టం చెబుతుంది.

మేనల్లుడు: గేటు దగ్గర వాచ్‌మన్‌కు చట్టం చదివి వినిపించమంటావా?

(దీనికి అత్త దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు రాస్తే నేను అబద్ధం రాసినట్టు. చట్టం అచ్చయి ఏళ్లు గడిచినా సీటు లేదనడానికి బడికి ఏ సెక్షనూ అక్కర్లేదు, చిరునవ్వు చాలు. నేనైతే దీన్ని ఆగడానికి కారణంగా ఒప్పుకోను, అలాగని తండ్రి భయాన్ని కొట్టిపారేయనూ లేను.)

అత్త: సర్టిఫికెట్టు తీసుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఎవరూ బలవంతం చేయరు. కానీ ఒక సంగతి విను. సాయం మొదలుపెట్టడానికి పేరు అక్కర్లేదు. పేరు తేలేదాకా పిల్లాడి మెదడు ఆగి కూర్చోదు.

మేనల్లుడు: సాయమంటే థెరపీ సెంటరేగా? పోయిన నెల నీకు చెప్పకుండా ఒకదానికి వెళ్లొచ్చాను. రిసెప్షన్లో కాఫీ ఇచ్చారు, ఇంకా పిల్లాణ్ణి ఎవరూ ముట్టుకోకముందే ప్యాకేజీ చెప్పారు. స్పీచ్ వారానికి మూడు, ఆక్యుపేషనల్ థెరపీ మూడు, బిహేవియర్ అయిదు. సంవత్సరానికి కడితే డిస్కౌంటట. ముప్పావు గంట సెషను, తల్లిదండ్రులు బయట కూర్చోవాలి. లోపల ఏం చేశారో అడిగితే ఒక కాగితం మీద టిక్కులు. నా భార్య ఉద్యోగం మానేస్తేనే ఇది కుదురుతుంది. మానేస్తే ఆ ఫీజు కట్టలేం. చెప్పు, దీన్ని సాయమంటావా?

అత్త: అనను. తల్లిని బయట కూర్చోబెట్టే చోటికి వెళ్లొద్దు. వారానికి పదకొండుసార్లు ముప్పావు గంట చొప్పున వాళ్ల దగ్గర ఉంటాడు, మిగతా వారమంతా మీ దగ్గర ఉంటాడు. వాళ్లు నేర్పాల్సింది వాడికంటే ముందు మీకు.

మేనల్లుడు: నేననేదీ అదే! 2016లో లాన్సెట్ సైకియాట్రీలో ఒక ప్రయోగం వచ్చింది. గోవాలో, పాకిస్తాన్‌లో రావల్పిండిలో ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలతో చేశారు. స్పెషలిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలే తల్లిదండ్రులకు నేర్పారు. పిల్లాడు దేన్ని చూస్తున్నాడో దాన్ని పట్టుకుని మాట్లాడటం తల్లిదండ్రులకు వచ్చింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఇంట్లోనే అయ్యే పనికి సెంటరెందుకు?

అత్త: భలేవాడివి. అది చదివి నీకు అర్థమైంది 'ఇంట్లో అవుతుంది' అన్న ముక్కేనా? 'నేర్పారు' అన్న ముక్క కూడా ఉంది గదా. నీకెవరు నేర్పారు? నిన్న సాయంత్రం వాడితో ఎట్టా ఆడావో చూశాను. 'ఇదేంటి? ఇదేంటి? ఆవు ఏది? చెప్పు, చెప్పు' అని పది ప్రశ్నలేశావు. వాడు లేచి వెళ్లిపోయాడు. నేనైనా వెళ్లిపోయేదాన్ని. అది ఆట కాదు, ఇంటర్వ్యూ.

మేనల్లుడు: మరెట్లా ఆడాలి?

అత్త: కింద కూర్చో, వాడి కళ్లూ నీ కళ్లూ ఒక ఎత్తులో ఉండాలి. వాడు కారు చక్రం తిప్పుతుంటే నువ్వూ ఇంకో కారు చక్రం తిప్పు. పిచ్చిపనిలా ఉంటుంది, తిప్పు. కాసేపటికి వాడు నీ వైపు చూస్తాడు. అప్పుడు ఒక్క మాట, 'తిరుగుతోంది'. అడగొద్దు, చెప్పు. బిస్కెట్ ఇచ్చేటప్పుడు ప్యాకెట్టంతా చేతిలో పెట్టొద్దు, చిన్న ముక్క ఇచ్చి ఆగు. ఆగడం అంటే ఇక్కడ ఆగాలిరా, డాక్టరు దగ్గరికి పోకుండా ఆగడం కాదు. పదిదాకా మనసులో లెక్కపెట్టుకో. వాడు చూసినా, చెయ్యి చాపినా, 'బ' అన్నా వాడు మాట్లాడినట్టే, వెంటనే ఇచ్చెయ్యి. స్నానం పోసేటప్పుడు చెయ్యి, కాలు, పొట్ట అని రోజూ అదే వరసలో చెప్పు. బట్టలు మడతపెట్టేటప్పుడు నీ చొక్కా, నా చొక్కా. తారంగం ఆడించు, మధ్యలో ఆపెయ్యి, ఇంకా కావాలని వాడే నీ చెయ్యి లాగుతాడు. ఇదంతా మా అంగన్‌వాడీలో చేసేదే, పెద్ద విద్యేం కాదు. కానీ వీడికి ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూసి చెప్పేవాళ్లు కావాలి. ఒళ్లు మెత్తగా ఉండి నడక ఆలస్యమైంది గదా, దానికి ఫిజియోథెరపిస్టు ఒకసారి చూడాలి. అది నాకూ తెలియదు, నీ యూట్యూబుకూ తెలియదు.

(అత్త ఉపన్యాసం పొడవైంది. కత్తిరిద్దామనుకుని ఆగాను. ఈ సంవాదంలో రేపు పొద్దున ఎవరికైనా పనికొచ్చే భాగం ఇదే.)

మేనల్లుడు: నాకు ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. స్నానం పాఠం. బిస్కెట్ పాఠం. తారంగం కూడా పాఠమే. ఇక వాడు నా కొడుకుగా ఎప్పుడుంటాడు? మా టీములో ఒకతని ఇంటికి వెళ్లాను, ఫ్రిజ్ మీద చార్టు, గోడ మీద చార్టు, ప్రతి గంటకూ లక్ష్యం. ఆ పాప తండ్రి మొహం చూస్తే చాలు, ఏదో అడగబోతున్నాడని బిగుసుకుపోతోంది. వాడికి ఏం రాదో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే వాడికి ఏం ఇష్టమో చూడటం మర్చిపోతాం. చక్రం తిప్పుకుంటే వాడికి హాయిగా ఉంటుంది. ఉండనివ్వకూడదా?

అత్త: ఉండనివ్వు. ఎవరు వద్దన్నారు? రోజంతా ఆడించమని నేననలేదు. కానీ వాడు హాయిగా ఉన్నాడని నీకెట్టా తెలుసు? మొన్న మధ్యాహ్నం గంటసేపు తల నేలకేసి కొట్టుకుని ఏడ్చాడు. ఆకలా, కడుపునొప్పా, చొక్కా గుచ్చుకుందా, మీ ఇద్దరికీ తెలియలేదు. వాడికి తెలుసు, చెప్పే దారి లేదు. మాట మన ముచ్చట కోసం కాదు, వాడి కష్టం వాడు చెప్పుకోవడానికి. నోటితో రాకపోతే చేతి సైగతో, బొమ్మ చూపించైనా సరే. ఆ దారి వేసిపెట్టకుండా 'వాడి లోకం వాడిది' అంటే ఆ లోకంలో వాడొక్కణ్ణే వదిలేసినట్టు.

మేనల్లుడు: (చాలాసేపు మాట్లాడలేదు.) అమ్మ వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తోంది. చిలక కొరికిన జామకాయ కోసం ఊళ్లో చెప్పిపెట్టింది.

అత్త: జామకాయతో పోయేదేం లేదు, కడిగి పెట్టమను. వస మానెయ్యమను. వాటికంటే నాకు వేరేవాళ్లంటే భయం. మూలకణాలు ఎక్కిస్తే ఆటిజం నయమవుతుందని లక్షలు గుంజేవాళ్లున్నారు. జాతీయ వైద్య కమిషనే 2022లో ఆటిజానికి ఆ వైద్యం సిఫారసు చేయబోమని చెప్పింది. ప్రతివాడూ నయం చేస్తానంటాడు. నేర్పుతానన్నవాడి దగ్గరికి పో, నయం చేస్తానన్నవాడి దగ్గర్నుంచి పారిపో.

మేనల్లుడు: సరే. బెరా చేయిస్తా, రక్తపరీక్ష చేయిస్తా. మనోవికాస్ నగర్‌లోనే బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, ఒకప్పుడు ఎన్ఐఎంహెచ్ అనేవాళ్లు. 2021లో అక్కడ చిన్నపిల్లల కోసం ప్రత్యేకంగా కేంద్రం తెరిచారట. అక్కడికి తీసుకెళతా. ప్యాకేజీ మాత్రం కట్టను, నా భార్య ఉద్యోగం మానదు. సర్టిఫికెట్టు ఇప్పుడు తీసుకోను.

అత్త: సర్టిఫికెట్టు దగ్గర తప్పు చేస్తున్నావు. ఆదాయపు పన్ను పాత విధానంలో మినహాయింపు ఉంది, నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ బీమా లక్ష దాకా ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. కాగితం బీరువాలో పెట్టుకో, ఎవరికి చూపించమన్నారు?

మేనల్లుడు: చూద్దాంలే.

అత్త: ఆ 'చూద్దాంలే' అన్న మాటతోనే గదరా ఇంతదూరం వచ్చింది.

సర్టిఫికెట్టు దగ్గర వాళ్లిద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, అందులో నేనెవరి వైపూ లేను. ఆగడం విషయంలో మాత్రం నా ఓటు అత్తకే. ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు, తండ్రి ఆశ ఉత్తది కాదు. అయితే అందుకునేవాళ్లెవరో, అందుకోనివాళ్లెవరో ఇంట్లో కూర్చుని చెప్పగలిగినవాళ్లు లేరు. అందుకోబోయే పిల్లాడికి పరీక్ష వల్ల ఒక పూట పోతుంది, అంతే. మీ ఇంట్లోనూ ఈ వాదన నడుస్తుంటే దయచేసి అది తేలేదాకా ఆగకండి. ముందు పిల్లాడి చెవులు పరీక్ష చేయించండి, వాదన ఆ తర్వాత కొనసాగించుకోవచ్చు.